ఇల్లుంది, వీధేదీ?

అమెరికా తెలుగు కథల్లో ఇల్లు కొనే ఘట్టం తరచుగానే తగులుతుంది. భార్యాభర్తల వాదన, అప్పు భయం, స్కూల్ డిస్ట్రిక్టు, తూర్పు ముఖం అన్నీ ఉంటాయి. లేనిదల్లా ఆ ఇల్లున్న వీధి. కిటికీ తీస్తే ఏం కనిపిస్తుందో, రాత్రి పడుకుంటే ఏం వినిపిస్తుందో నేను చదివిన చాలా కథలు చెప్పవు. ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

ఎక్కడ ఉండాలో నిర్ణయించడంలో కళ్ళకీ చెవులకీ కూడా వాటా ఉంది. మా అరోరానే తీసుకోండి. షికాగోకి పడమర దాదాపు 40 మైళ్ళు. 1881లోనే వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగించి 'దీపాల నగరం' అనిపించుకున్న ఊరు. 1980లలో ఇక్కడ వేంకటేశ్వరస్వామి ఆలయం వెలిసింది. గుడి దగ్గర ఇల్లు వెతుక్కునేవాళ్ళని లాగేది భక్తి ఒక్కటేనా? మంచు పరుచుకున్న నేల మీద గోపురం కంటబడడం, పొద్దున్నే వెళ్ళి సుప్రభాతం వినగలిగేంత దూరంలో ఉన్నామన్న ధీమా కూడా.

ఇక చప్పుళ్ళు. షికాగో నుంచి వచ్చే మెట్రా రైలుకి మాది ఆఖరి స్టేషను. మినహాయింపు ఉన్న చోట్ల తప్ప, రోడ్డు దాటబోయే ముందు ఇంజను 15 నుంచి 20 సెకండ్లు కూత వెయ్యాలని 2005లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ నిబంధన. ఆ కూత ఒకరికి నిద్రాభంగం, మరొకరికి సామర్లకోట జ్ఞాపకం. ఇల్లు చూపించే ఏజెంటు ధర చెప్తాడు. ఈ తేడా చెప్పవలసింది కథకుడే.

2025 సెప్టెంబరులో అరోరా నగర కౌన్సిల్ కొత్త డేటా సెంటర్లను తాత్కాలికంగా ఆపింది. ఉన్నవాటి యంత్రాల రొద గురించి పక్క ఇళ్ళవాళ్ళు చేసిన ఫిర్యాదులు అందుకొక కారణం. మనలో ఎందరో ఇంట్లో కూర్చుని పని చేయించేది అలాంటి యంత్రాల చేతే. జీతమూ నిద్రలేమీ ఒకే చోటినుంచి వస్తుంటే మనిషి ఇల్లమ్ముకుంటాడా, అలవాటు పడతాడా? ఇంతటి కథావస్తువు మన గుమ్మం ముందే ఉంది.

సాండ్రా సిస్నెరోస్ 1984లో ప్రచురించిన 'ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్'లో షికాగో ఇల్లు ఆ అమ్మాయి కోరుకున్నది కాదు. అయినా వీధి వీధంతా పుస్తకంలోకి నడిచొచ్చింది. మనకీ ఇది కొత్తేం కాదు. 'అమరావతి కథలు', 'దర్గామిట్ట కతలు' - పేర్లలోనే ఊరూ పేటా ఉన్నాయి. సముద్రం దాటాక మాత్రం మన కథ తలుపేసుకుని లివింగ్ రూమ్‌లో కూర్చుంది.

మనకి ఊరంటే వదిలి వచ్చినది. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఊరంటే అరోరా. ఫాక్స్ నది, రైలు కూత, మంచులో గోపురం. వాటిని మనమెవరమూ తెలుగులో రాయకపోతే, ఈ భాషలో తమ ఊరు లేదని వాళ్ళు అనుకోరూ?