పళ్ళు చూసి బరిలోకి

తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల బండలాగుడు పందెం పెడితే ఎడ్ల జతను బరిలోకి తోలకముందే నోరు తెరిచి పళ్ళు చూస్తారు. రెండు పళ్ళ విభాగంలో నాలుగు పళ్ళ గిత్త దిగితే అది పోటీయే కాదు. ‘ముందు లాగనివ్వండి, గెలిస్తే అప్పుడు చూద్దాం’ అనే కమిటీ ఉండదు. ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఈ-స్పోర్ట్స్‌కి ఈపాటి వరస ఇంకా పట్టుబడలేదన్నది నా ఫిర్యాదు. అక్కడ గట్టి తనిఖీ ఫైనల్ జరిగే పెద్ద హాల్లోనే. ఆ హాలు దాకా ఎవరు ఎలా వచ్చారన్నది పెద్దగా ఎవరికీ పట్టదు.

2015 జూలైలో, కంప్యూటర్లో ఆడే తుపాకీల ఆట కౌంటర్ స్ట్రైక్ ఆటగాడు కోరీ ఫ్రీసెన్, ఆ ఏడు పోలండ్‌లోని కటోవిట్సె పోటీలో తన జట్టంతా ఆడెరాల్ వేసుకుని ఆడిందని ఇంటర్వ్యూలో చెప్పేశాడు. నిలకడ లేని మనసుకు డాక్టర్లు రాసే ఉత్ప్రేరకం అది. నిర్వాహక సంస్థ ఈఎస్ఎల్ ఉలిక్కిపడి ఆగస్టులో కొలోన్ పోటీకల్లా లాలాజల పరీక్షలు పెట్టింది. మంచిదే. అయితే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) జాబితాలో ఇలాంటి ఉత్ప్రేరకాల మీద నిషేధం పోటీ సమయానికే వర్తిస్తుంది. ముందురోజు రాత్రి 11.59కి మొదలవుతుంది. మరి ఇంట్లో మంచం మీద కూర్చుని ఆడే అర్హత రౌండు, అంటే క్వాలిఫయర్, ‘పోటీ’ కిందికి వస్తుందా, రాదా? రాదంటే మాత్రతో మెట్లెక్కి, పైకి చేరాక మానేసినవాడు నియమాల లెక్కలో నిర్దోషి.

యంత్రంలో దాచిన మోసం కథా ఇదే. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ పోటీలో ఆప్టిక్ ఇండియా జట్టు ఆటగాడు నిఖిల్ కుమావత్ కంప్యూటర్లో గురి కుదిర్చే దొంగ ప్రోగ్రామ్ ‘వర్డ్’ అనే పేరుతో దొరికింది. అయిదేళ్ళ నిషేధం పడింది, జట్టే రద్దయింది. ఆ తర్వాత తవ్వితే, అంతకుముందు మన దేశంలో జరిగిన పోటీలోనూ అతను ఇదే పని చేశాడని తేలింది. షాంఘైలో పట్టుకున్నారని సంబరపడేవాళ్ళు, ఇక్కడ అతని చేతిలో ఓడి ఇంటికి పోయిన జట్ల మాట ఎత్తరు.

మాత్ర మింగితే గురి వస్తుందా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో 39 మంది చదరంగం ఆటగాళ్ళకు ఇలాంటి మందులిచ్చి చూస్తే, వాళ్ళు ఎక్కువసేపు ఆలోచించి కొన్ని ఆటలు గడియారం చేతిలో ఓడిపోయారు. అయినా, మాత్ర పనిచేస్తుందా లేదా అన్నది డాక్టర్ల లెక్క. పక్కవాడు వేసుకుంటున్నాడట, నేను వేసుకోకపోతే వెనకబడతానేమో అన్న బెదురు మాత్రం పదహారేళ్ళ కుర్రాడి మీద తప్పకుండా పనిచేస్తుంది. నియమం కాపాడాల్సింది మింగనివాణ్ణి. నిజంగా జబ్బున్నవాడి సంగతంటారా, ముందే అనుమతి తీసుకునే ఏర్పాటు వాడా నియమాల్లోనే ఉంది.

ఊరూరా పరీక్షలంటే ఖర్చెవరు భరిస్తారన్నది అసలు చిక్కు. దీన్ని నేను కొట్టిపారేయను. కొంత దారి చదరంగమే చూపించింది. 2020 ఆన్‌లైన్ ఒలింపియాడ్‌లో కోనేరు హంపి, గుంటూరు వాళ్ళయిన హరికృష్ణ, హారిక ఉన్న మన జట్టు కెమెరాల నిఘాలోనే ఆడి రష్యాతో స్వర్ణం పంచుకుంది. కెమెరాకు మాత్ర కనబడదు, నిజమే. అందుకే క్వాలిఫయర్లలో కనీసం చివరి రౌండునైనా ఇళ్ళలోంచి తీసి ఒకచోట ఆడించాలంటాను. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటల్ని నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది కనుక, ఆ షరతు నియమాల్లో రాయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. మొదట చెప్పిన మూడు ఊళ్ళకయితే తెనాలిలో ఒక కల్యాణమండపం చాలు. ఫోన్లు నిర్వాహకులే ఇవ్వాలి, చీటీ తీసి ఇద్దరు ముగ్గురికి లాలాజల పరీక్ష చేయాలి. రేపల్లె నుంచి బ్రాంచి లైను, బాపట్ల నుంచి మెయిన్ లైను వచ్చి కలిసేది ఎలాగూ అక్కడే.