లుస్త్రలో అపొస్తలులకు అర్థంకాని మాట: స్వల్పకాలిక సువార్త యాత్రలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

స్వల్పకాలిక సువార్త యాత్రలకు వెళ్ళివచ్చిన వారి సాక్ష్యాలలో తరచుగా వినబడే మాట ఒకటుంది. భాష తెలియకపోయినా ప్రేమ ఆ కొరత తీర్చింది, పెంతెకొస్తు దినాన జరిగినదే మాకూ జరిగింది అని. ఈ మాటను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. రోగి మంచం పక్కన కూర్చున్నవానికి వ్యాకరణం అక్కరలేదు. అయితే వారం పది రోజుల యాత్రకు అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయాన్ని మాదిరిగా చూపేవారు 14వ అధ్యాయాన్ని ఎందుకు దాటిపోతున్నారో పరిశీలించవలసి ఉంది. మన యాత్రలలో అసలు లోపం మన మాట వారికి చేరకపోవడం కంటే వారి మాట మనకు చేరకపోవడంలోనే ఉందని నా వాదన.

ముందుగా 2వ అధ్యాయం గురించి ఒక్క మాట. అక్కడ భాషలు రద్దు కాలేదు. యెరూషలేములో ఉన్న ఆ యూదులలో చాలామందికి గ్రీకో అరామికో కొంత తెలిసే ఉంటుంది. అయినా ప్రతివాడు తన స్వభాషలోనే విన్నాడు. అంటే ఆత్మదేవుడు వినేవాని భాషను గౌరవించాడు. భాష అక్కరలేదని చెప్పడానికి ఈ భాగం ఆధారం కాజాలదు.

ఇక లుస్త్ర (14:8-20). అది రోమా వలస పట్టణం. పౌలు అక్కడ గ్రీకులో బోధించి ఉంటాడు, ప్రజలు గ్రహించారు కూడా. కుంటివాడు లేచి నడిచాడు. అప్పుడు జనం కేకలు వేసింది మాత్రం లుకయొనియ భాషలో. ఈ వివరం లూకా ఊరకనే వ్రాయలేదు. ఆనందమో భయమో పొంగినప్పుడు మనిషి నేర్చుకున్న భాష విడిచి తల్లి భాషలోనికి వెళ్ళిపోతాడు. వారు బర్నబాను ద్యుపతి అన్నారు, పౌలును హెర్మే అన్నారు. (జ్యూస్ అనే గ్రీకు పేరును మన అనువాదకులు ద్యుపతి అని మార్చడం కూడా మన చెవికి తగినట్లు చేసిన పనే.) ఆ ఇద్దరు దేవతలు మారువేషంలో ఫ్రుగియకు వచ్చారనే కథ ఆ ప్రాంతానికి సంబంధించినదే. రోమా కవి ఓవిడ్ దానిని తన మెటమార్ఫోసెస్ 8వ పుస్తకంలో చెప్పాడు. గ్రీకులో చేసిన ప్రసంగాన్ని జనం తమ పాత కథలో పెట్టుకొని అర్థం చేసుకున్నారు.

అపొస్తలులు వెంటనే ఎందుకు వారించలేదు? ఎడ్లు, పూదండలు ద్వారం దగ్గరకు వచ్చేవరకు ఎందుకు ఊరుకున్నారు? జనం సొంత భాషలో మాట్లాడినందున వారికి బోధపడలేదని క్రీ.శ. 400 ప్రాంతంలోనే యోహాను క్రిసోస్తం తన ప్రసంగంలో వివరించాడు. లూకా ఆ మాట నేరుగా చెప్పలేదన్నది నిజమే. కాని 11వ వచనంలో కేకలు, 14వ వచనంలో 'విని' అనే మాట, వీటి మధ్యనున్న వ్యవధికి ఇంతకంటే సహజమైన వివరణ నాకు కనబడలేదు. భాష తెలిసినవారెవరో వచ్చి చెప్పి ఉండాలి. లేకపోతే అపొస్తలులు ఆ ఉత్సాహాన్ని విశ్వాసమనే తలంచి ఉండేవారేమో. ఆ జనమే తరువాత పౌలును రాళ్ళతో కొట్టడానికి ఒప్పుకున్నారు.

ఈ భాగం నన్ను గద్దించినది ఒక స్వానుభవం వలన. ఇరవై ఏళ్ళకు పైగా విదేశీ బృందాలకు తర్జుమా చేశాను. 2011లో మా సంఘానికి ఎనిమిదిమంది వచ్చారు. ఒక సాయంకాలం ప్రసంగీకుడు క్రీస్తును అంగీకరించేవారిని చేతులెత్తమన్నాడు. నలభైమంది ఎత్తారు. వారిలో ముప్పైమందికి పైగా నా చేతి బాప్తిస్మం పొందినవారే. కూడిక అయ్యాక ఒక పెద్దాయనను అడిగితే, "ఎత్తకపోతే దొరగారు చిన్నబుచ్చుకుంటారు గదా అయ్యగారూ" అన్నాడు. పక్కనే ఉన్న ప్రసంగీకుడు ఆయన ఏమన్నాడని అడిగాడు. చాలా సంతోషంగా ఉందంటున్నాడని చెప్పాను. నలభై అనే అంకె వారి నివేదికలోనికి వెళ్ళింది. ఎడ్లు, పూదండలు తెస్తున్నారని తెలిసీ అపొస్తలులకు చెప్పని లుస్త్రవాసిని నేనే. తర్జుమా చేసేవాడు ఒకవైపే నడిచే వంతెన అయితే ఇలాగే జరుగుతుంది.

ఇది పరదేశుల మీద ఫిర్యాదు కాదు. మన తెలుగు సంఘాల యువకులు శ్రీకాకుళం మన్యంలోని సవర గ్రామాలకు అయిదు రోజుల యాత్రకు వెళ్తే అక్కడ వారే దొరలు. సవర భాష ముండా కుటుంబానికి చెందినది, తెలుగుకు చుట్టం కాదు. సంతకు వచ్చే సవరలకు తెలుగు తెలుసు గనుక తర్జుమా కూడా అక్కరలేదని మనవారు అనుకుంటారు. మా యువకులు ఒక ఇంట పెట్టిన జావ గురించి తమలో తాము తెలుగులో హాస్యమాడుకున్నారు, ఇంటివారు ఎదుటనే ఉండగా. వారికి సంత తెలుగే వచ్చును, ఈ మాటలు అందవని మావారి లెక్క. యోసేపుకు తమ మాట తెలియదనుకున్న అన్నలూ ఇలాగే మాట్లాడుకున్నారు (ఆది. 42:23). ఆ రాత్రి ఇంటావిడ ప్రార్థన చేసింది సవరలోనే. మేము ఆమేన్ అన్నాము, దేనికో తెలియకుండా.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి గారు క్రైస్తవుడు కారు, మిషనరీ అసలే కారు. ఆయన సవరలను ఇంట ఉంచుకొని ఏళ్ళ తరబడి వారి భాష నేర్చుకున్నారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. మన భాష కోసం కూడా అలా శ్రమపడినవారున్నారు. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, దెగ్రాంజ్ తెలుగు నేర్చుకొని, ఆనందరాయర్ సహాయంతో అనువాదం సాగించారు. సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు దొరలూ బ్రతికి లేరు.

పౌలు కూడా లుస్త్రలో కొద్దికాలమే ఉన్నాడు గదా అని కొందరు విద్యార్థులు నన్ను అడిగారు. నిజమే. కాని రాళ్ళు పడిన ఊరికే తిరిగి వెళ్ళాడు, పెద్దలను ఏర్పరచాడు (14:21-23), మరల వెళ్ళాడు (16:1). ఆ మూడవసారి అతని వెంట బయలుదేరిన తిమోతి ఆ ప్రాంతంలో పేరున్న స్థానికుడు. ఒకే గ్రామానికి మరల మరల వెళ్ళే బృందాన్ని నేను విమర్శించను. ఏడాదికొక కొత్త జిల్లా చూచే బృందాన్ని మాత్రం విమర్శిస్తాను.

ఇప్పుడు తర్జుమాకు పిలిచినవారికి నేనొక షరతు పెడుతున్నాను. ప్రతి కూడిక చివర అరగంట గ్రామస్థులు మాట్లాడాలి, వారన్నది అన్నట్టే నేను ఇంగ్లీషులో చెబుతాను, బృందం వినాలి. రెండు బృందాలు ఒప్పుకున్నాయి. మొదటిదానికి మా సంఘంలోని ఒక తల్లి అన్న మాట, పోయినసారి వచ్చినవారు తన కొడుకు చదువుకు సహాయం చేస్తామని చెప్పి వెళ్ళారని, నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నానని. చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. మూడవ బృందం కార్యక్రమంలో అంత సమయం లేదని వ్రాసింది. వారికి తర్జుమా వేరొకరు చేశారు.