గొంతు ఒకరిది, వారసత్వం ఎవరిది?

రికార్డు మిగిలితే కళాకారుడు మిగిలినట్టేనని మన సంగీత విమర్శకులు తేలిగ్గా అనేస్తుంటారు. మేము దీన్ని ఒప్పుకోము. మంగంపేట చుట్టుపక్కల వాళ్ళకు ఇది ఎరుకైన సంగతే. ఇక్కడ ముగ్గురాయి తవ్వేది ఒకరు, పొడి చేసి సముద్రాలు దాటించేది ఇంకొకరు, దాంతో చమురు బావులు దింపుకునేది మరొకరు. రాయి ఎంత దూరం పోయిందనేది ఒక లెక్క. తవ్వినోనికి ఏం దక్కిందనేది వేరే లెక్క. పాట విషయంలోనూ ఈ రెండు లెక్కల్నీ కలిపెయ్యకూడదు.

అమెరికా నల్లజాతి బ్లూస్ గిటారిస్టు రాబర్ట్ జాన్సన్‌నే తీసుకుందాం. 1911లో మిసిసిపీలో పుట్టి, 1938లో 27 ఏళ్ళకే చనిపోయాడు. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లాస్‌లో 29 పాటలు రికార్డు చేశాడు. ఒక్కొక్కటి మూడు నిమిషాలకు అటూ ఇటూ. ఆనాటి రికార్డులో పట్టేది అంతే. ఒకే గిటారు మీద బొటనవేలు లావు తీగెల్ని నడుపుతుంటే తక్కిన వేళ్ళు గొంతుకు జవాబు చెబుతుంటాయి. ఇంత పనితనం ఎట్లా వచ్చిందంటే, నాలుగు దారుల కూడలిలో సైతానుకు ఆత్మను అమ్ముకున్నాడని కథ అల్లారు. ‘క్రాస్ రోడ్ బ్లూస్’ దానికి సాక్ష్యమన్నారు. వినిచూస్తే ఆ పాటలో సైతాను లేడు. పొద్దుగూకే వేళ బండి కోసం చెయ్యెత్తి, ఎవరూ ఆపక నిలబడిపోయిన మనిషి ఉన్నాడు. చీకటి పడ్డాక తనది కాని ఊర్లో ఒంటరిగా దొరికిపోయే భయం ఎట్లాంటిదో దళితులకు విడమరిచి చెప్పక్కర్లేదు. జాన్సన్ విద్యకు పదును పెట్టింది ఐక్ జిమ్మర్‌మన్ అనే నల్లజాతి గిటారిస్టు. సైతాను కథ ఆ గురువునూ, శిష్యుడి సాధననూ కలిపి మింగేసింది.

మన దగ్గర ఈ మింగే పని కులం చేస్తుంది. ‘పాట వాళ్ళ రక్తంలోనే ఉంది’ అనే మెచ్చుకోలు అట్లాంటిదే. మాదిగలకు ఆశ్రిత కులంగా బతికిన డక్కలి వాళ్ళ వాద్యం కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు నిలబెట్టే తేనె మైనం - వీటిని కుదిర్చి శ్రుతి పలికించడం రక్తంతో వచ్చేది కాదు, చేతులు నేర్చుకోవాల్సిన శాస్త్రం. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలకుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న, మియాసాబ్ కథలు పాడారు. పెద్దలను దోచి పేదలకు పెట్టిన సాయన్న, నిజాం పోలీసులు వేటాడిన మనిషి.

2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఎత్తుగడలో మొగిలయ్య గొంతు లక్షల మందికి చేరింది. అది మంచిదే. అయితే ఏం చేరిందో చూడాలి. వీరుడి పుట్టుక చెప్పే ఆ కథనశైలి అట్లాగే ఉంది. వీరుడు మాత్రం మారాడు. అక్కడ కథానాయకుడు పోలీసు సబ్-ఇన్‌స్పెక్టర్. పోలీసులు వెంటాడిన వాణ్ణి పొగిడిన గొంతుతోనే పోలీసును పొగిడించారు. గొంతులోని ‘మట్టివాసన’ను మెచ్చుకున్న వాళ్ళు ఈ తారుమారును పట్టించుకోలేదు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాదు శివారులో ఆయన భవన నిర్మాణ కూలీగా పనిచేస్తున్నారని వార్తలొచ్చాయి. పురస్కారం కూడా కూలి తప్పించలేకపోయింది.

వారసత్వం అంటే ప్రభావం ఒక్కటే కాదు, హక్కు కూడా. జాన్సన్ పాటల్ని 1961లో ఎల్పీగా తెచ్చారు, 1990లో పూర్తి సంపుటంగా అమ్మారు. ఇంగ్లండు రాక్ గాయకులు వాటి మీదనే ఎదిగారు. కానీ కంకర లారీ నడిపి బతికిన క్లాడ్ జాన్సన్ ఆయన కొడుకేనని, చట్టబద్ధమైన వారసుడని మిసిసిపీ సుప్రీంకోర్టు ఖాయం చేసింది 2000లో. అంటే తండ్రి చనిపోయిన 62 ఏళ్ళకు.

కాబట్టి మేమనేది ఇదీ. కిన్నెర కథల్ని ఎత్తుగడ ముక్కలుగా కాక, రాత్రి పొడుగునా చెప్పే కథలుగానే రికార్డు చెయ్యాలి. నేర్పిన గురువు పేరు, పాడిన మనిషి పేరు దాని మీద ఉండాలి. దాని మీద వచ్చే డబ్బులో పాడినోళ్ళకూ వాళ్ళ పిల్లలకూ వాటా రాసివ్వాలి. మా వైపు పలక కొట్టేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. పెండ్లిలో, చావులో, జాతరలో వాళ్ళ దెబ్బను సెల్‌ఫోన్లలో పట్టుకుంటున్నాం గానీ, కొట్టినోని పేరు ఎవరమూ అడగడం లేదు.