నికర జలాలు, మిగులు జలాలు: కృష్ణా పరీవాహక ప్రాంత దీర్ఘకాల గణాంకాల పఠనం – విమర్శ

వ్యాససంగ్రహం: కృష్ణానదిలో ఏటా లభించే నీరెంత అన్న ప్రశ్నకు రెండు ట్రిబ్యునళ్లు రెండు వేర్వేరు సంవత్సర శ్రేణుల ఆధారంగా సమాధానం చెప్పాయి. ఆ శ్రేణుల హద్దులు, వాటిని చదివిన పద్ధతి, వాటి నుంచి తెలుగులో స్థిరపడిన పరిభాష ఈ వ్యాసంలో విమర్శకు వస్తాయి.

కీలకపదాలు: కృష్ణానది, బచావత్ ట్రిబ్యునల్, బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్, నికర జలాలు, కరువు, పరిభాష.

1. ప్రవేశిక

కృష్ణా జలాల చర్చలో 'నికర జలాలు' అన్న మాట దశాబ్దాలుగా వాడుకలో ఉంది. తెలుగులో 'నికరం' అంటే నిశ్చయమైనది. ఖర్చులు పోను చేతికి దక్కేది నికరాదాయం. నికరంగా చెప్పమంటే తేల్చి చెప్పమని. ఈ అర్థచ్ఛాయలన్నింటినీ వెంటబెట్టుకొని వచ్చిన మాట నదీజలాల విషయంలో సూచించేది మాత్రం ఒక సంభావ్యతను. నాలుగేళ్లలో మూడేళ్లు లభించి, ఒక ఏడాది లభించకపోయే పరిమాణానికి పెట్టిన పేరు అది. అనిశ్చితిని కొలిచిన అంకెకు నిశ్చయార్థకమైన పేరు పెట్టడాన్ని కేవలం అనువాద దోషంగా సరిపెట్టుకోలేం. ఆ నాలుగో ఏడాది నష్టం ఎవరిదన్న ప్రశ్న ఆ పేరు కింద కనబడకుండా పోయింది.

2. రెండు శ్రేణులు

1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1894–95 నుంచి 1971–72 వరకు 78 ఏళ్ల ప్రవాహాలను పరిశీలించింది. 75 శాతం డిపెండబిలిటీతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు లభించే నీటిని 2060 టీఎంసీలుగా నిర్ణయించింది. పొలాల నుంచి తిరిగి నదిలో కలిసే నీరు 70 టీఎంసీలు కలిపితే మొత్తం 2130. అందులో మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు వచ్చాయి. 2004లో ఏర్పడిన బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ పాత శ్రేణిని పొడిగించలేదు; 1961–62 నుంచి 2007–08 వరకు 47 ఏళ్లను తీసుకుంది. ఈ శ్రేణిలో 75 శాతం లెక్కన 2173, 65 శాతం లెక్కన 2293 టీఎంసీలు వచ్చాయి. సగటు 2578.

రెండు శ్రేణులకూ ఉమ్మడిగా ఉన్నవి 11 ఏళ్లు. రెంటినీ కలిపి ఉంటే 114 ఏళ్ల శ్రేణి లభించేది. వాతావరణ ధోరణిని పట్టుకోవడానికి 47 ఏళ్లు పొట్టి కాలమే. అయితే పాత శ్రేణి నిడివి ఒక్కటే దానికి ప్రామాణ్యం కాజాలదు. నూరేళ్ల కిందటి ఆనకట్ట మీద నీటి మట్టాన్ని బట్టి కట్టిన లెక్కనూ, ఆధునిక పరికరాల కొలతనూ ఒకే వరుసలో పేర్చేటప్పుడు కొలత పద్ధతి మారినందువల్ల వచ్చే తేడా ప్రకృతిలో వచ్చిన మార్పుగా భ్రమ కలిగించవచ్చు. కాబట్టి ఏ శ్రేణిని ఎంచుకున్నారన్న దానికంటే, ఆ ఎంపిక ఫలితం మీద ఎంత ప్రభావం చూపిందన్నది ముఖ్యం. శ్రేణి మారితే 75 శాతం అంకె 113 టీఎంసీలు పెరిగింది. అదే శ్రేణిలో శాతాన్ని 75 నుంచి 65కు దించితే మరో 120 పెరిగింది. మొదటిది గణాంక నిర్ణయం. రెండోది ఎంత సాహసానికి సిద్ధపడాలన్న విధాన నిర్ణయం. నివేదికలో రెండూ కలిసి 'లభ్యత' అన్న ఒకే అంకెగా బయటికి వచ్చాయి.

3. చెరిగిపోయిన వరుస

డిపెండబిలిటీ లెక్కలో సంవత్సరాలను కాలక్రమంలో కాక, ప్రవాహ పరిమాణాన్ని బట్టి ఎక్కువ నుంచి తక్కువకు పేరుస్తారు. ఆ క్షణంలో ఏ ఏడాది తర్వాత ఏ ఏడాది వచ్చిందన్న సమాచారం చెరిగిపోతుంది. లోటు సంవత్సరాలు చెదురుమదురుగా వచ్చినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా లెక్కలో శాతం ఒక్కటే. రైతుకు ఆ రెండూ ఒకటి కావు. ఒక ఏడు తప్పితే విత్తనం అప్పు తెచ్చి నెగ్గుకురావచ్చు. వరుసగా మూడేళ్లు తప్పితే పొలం, పశువు రెండూ చేజారతాయి.

బచావత్ ట్రిబ్యునల్‌కు ఈ ఇబ్బంది తెలియకపోలేదు. అన్ని రాష్ట్రాలకన్నా దిగువన ఉన్నందువల్ల లోటు భారం ఆంధ్రప్రదేశ్ మీదనే పడుతుందని గుర్తించి, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో 150 టీఎంసీలను తర్వాతి ఏడాదికి నిలవ ఉంచుకొనే అవకాశం ఇచ్చింది. ఒంటరిగా వచ్చే లోటు ఏడాదికి ఆ నిలవ ఆసరా. 2001 తర్వాత వరుసగా వచ్చిన లోటు సంవత్సరాల్లో నిలవ చేయడానికే నీరు లేకపోయింది. ప్రకాశం బరాజ్ దాటి సముద్రంలో కలిసిన ప్రవాహం దాదాపు అడుగంటింది. నైలు ప్రవాహాలను పరిశీలించిన హెరాల్డ్ హర్స్ట్, కొరత సంవత్సరాలు గుంపులుగా వచ్చే స్వభావాన్ని 1951లోనే నిరూపించాడు. ధోరణిని పరీక్షించడానికి ఇప్పటి పరిశోధకులు విరివిగా వాడే మన్–కెండాల్ పరీక్ష కూడా, ఈ గుంపులు కట్టే స్వభావానికి సవరణ చేయకపోతే, లేని ధోరణిని ఉన్నట్టు చూపుతుంది. సవరణ ఊసు లేకుండా ఆ పరీక్ష ఫలితాలను పట్టికలకెక్కించే పరిశోధన పత్రాలు తక్కువేమీ కాదు.

4. వాన తగ్గిందా, నీరు తగ్గిందా

విజయవాడ దగ్గర కృష్ణా ప్రవాహం ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో బాగా తగ్గింది. దీన్ని వాతావరణ మార్పు ఖాతాలో వేసే రచనలు తరచుగా కనిపిస్తాయి. 1901–2000 మధ్య కాలాన్ని పరిశీలించి 2006లో బౌవర్ బృందం ప్రకటించిన అధ్యయనం ఈ వాదానికి అడ్డు నిలుస్తుంది: వర్షపాత వైవిధ్యం కన్నా జలాశయాలు, సాగునీటి వాడకం చూపిన ప్రభావమే చాలా పెద్దదని ఆ అధ్యయనం తేల్చింది. వాడకాన్ని తిరిగి కలిపి 'సహజ ప్రవాహాన్ని' లెక్కగట్టే పద్ధతి ఈ చిక్కును తీర్చాలి. కానీ ఆ లెక్కకు ఆధారం రాష్ట్రాలు స్వయంగా చెప్పుకొన్న వాడకమే. చెరువులు తాగిన నీరు అంచనా మాత్రమే. నదిలోకి ఊరవలసిన నీటిని ముందే తోడేసే లక్షలాది బోరుబావులకు మీటర్లు లేవు.

సంవత్సర మొత్తాలు దాచిపెట్టేది మరొకటి ఉంది. 2009లో నైరుతి రుతుపవన వర్షపాతం దేశం మొత్తం మీద 22 శాతం లోటు. అదే ఏడాది అక్టోబరు మొదటి వారంలో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు మించిన వరద వచ్చింది. కర్నూలు నగరం మునిగింది. ఆ వరదకు కారణమైన వాన ప్రధానంగా పడమటి కనుమల్లో కురిసినది కాదు, నది నడిమి భాగంలోనే కురిసినది. కరువూ వరదా ఒకే ఏడాదిలో ఇమిడిన ఆ సంవత్సరం రెండు శ్రేణుల్లోనూ లేదు. రెండోది 2007–08తో ముగిసింది.

5. శ్రేణికి ముందు

1894 అన్న ఆరంభాన్ని నిర్ణయించింది నది కాదు, దస్త్రం. 1832–33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువు, 1876–78 నాటి ధాత కరువు దానికి వెలుపల ఉన్నాయి. నందన కరువు జ్ఞాపకం 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టకు ఒక ప్రేరణ. ఆ ఆనకట్ట దగ్గరి కొలతలే తర్వాత శ్రేణికి ఆధారమయ్యాయి. కొలబద్ద పుట్టుకకు కారణమైన కరువే కొలతలో చేరలేదన్నమాట.

ఈ లోటును పూరించడానికి తెలుగు పరిశోధకుల చేతిలో సామగ్రి ఉంది: చెరువుల శాసనాలు, మెకంజీ సేకరించిన గ్రామ కైఫియత్తులు, మౌఖిక కథనాలు. అయితే ఉత్సాహం కొద్దీ వీటిని వర్షపాత పట్టికల్లా వాడటం సరికాదు. కరువు వాన లేమికి పర్యాయపదం కాదు. ధాన్యం ధర, ఎగుమతి, శిస్తు వసూలు అందులో భాగస్వాములు. మౌఖిక కథనంలో సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరవయ్యేళ్ల చక్రం మరో చిక్కు తెస్తుంది: నందన 1892–93లో మళ్లీ వచ్చింది, ధాత 1936–37లో వచ్చింది. శకవర్షంతో కూడిన శాసనానికి ఉన్న కాలనిశ్చయత కథనానికి లేదు. చెరువు గండి పడినట్టు చెప్పే కైఫియత్తు అతివృష్టికి సాక్ష్యం కావచ్చు, మరమ్మతు లేని పాలనకు సాక్ష్యమూ కావచ్చు.

6. 'మిగులు'

బచావత్ తీర్పు నికర జలాలకు పైన ఉన్న నీటిని వాడుకొనే స్వేచ్ఛను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది, హక్కును ఇవ్వలేదు. హంద్రీ–నీవా, గాలేరు–నగరి, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు పథకాలు ఈ 'మిగులు' మీద రూపొందినవే. రాయలసీమ, ప్రకాశం, పాలమూరు మెట్ట ప్రాంతాల ఆశ మొత్తం అలా ఒక అనుమతి మీద నిలిచింది. బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 2010 నాటి నిర్ణయంలో, 65 శాతం లెక్కన వచ్చిన 2293కూ సగటు అయిన 2578కీ మధ్య ఉన్న 285 టీఎంసీలను కూడా మూడు రాష్ట్రాలకూ పంచింది. స్వేచ్ఛగా వాడుకొంటున్న నీటిలో ఒక భాగం ఎగువ రాష్ట్రాలకు వాటా అయింది. సగటు అనేది కొన్ని భారీ వరద సంవత్సరాలు పైకి ఎత్తిపట్టిన అంకె. ఎగువన ఆ వాటా నీరు ముందుగా నిండుతుంది. శ్రీశైలానికి చేరేసరికి నీళ్లెన్ని మిగిలాయన్నది సెప్టెంబరు దాకా తెలియదు. అప్పటికి డెల్టాలో నాట్ల అదను దాటిపోతుంది.