వినిమయమా, వినియోగమా?

కొంతకాలం క్రితం ఒక విద్యార్థి మిత్రుడు మార్క్సు ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలోని కొన్ని పుటలు తెలుగు చేసి నాకు చూపించాడు. పెట్టుబడిదారుడు శ్రమశక్తిని కొని, తీసుకుపోయి, దాన్ని ‘కన్స్యూమ్’ చేసే ఘట్టం అది. మిత్రుడు మొదట ‘వినియోగిస్తాడు’ అని రాసి కొట్టేశాడు. పైన ‘ఖర్చు చేస్తాడు’ అని రాసి అదీ కొట్టేశాడు. చివరకు ‘తినేస్తాడు’ అని పెట్టి పక్కన ప్రశ్నార్థకం వేశాడు. నిఘంటువులో యివన్నీ ఒకే వరసలో వున్నాయి గదా, యేది పెడితేనేం అని అతని సందేహం. ఆ ప్రశ్నార్థకం నన్ను చాలా రోజులు వదల్లేదు. యెందుకంటే యీ క్రియ విషయంలో అభ్యుదయ రచయితలమనుకునే మనం చేస్తున్న పొరపాటు చిన్నది కాదు. నేనూ చేశాను.

యీ మాట లాటిన్ నుంచి వచ్చింది. పూర్తిగా తీసుకోవటం, మిగల్చకుండా తీసుకోవటం దాని మూలార్థం. 14వ శతాబ్దంలో ఇంగ్లీషులో ప్రవేశించింది మొదలు చాలాకాలం దానికి మంచిపేరు లేదు. మంట ఇంటిని ‘కన్స్యూమ్’ చేసేది, రోగం మనిషిని చేసేది. రేమండ్ విలియమ్స్ 1976లో ప్రచురించిన ‘కీవర్డ్స్’లో యీ చరిత్రను చక్కగా చెప్పాడు: 18వ శతాబ్దంలో అర్థశాస్త్రజ్ఞులు యీ మాటను చేపట్టి, ఉత్పత్తికి జోడుగా నిలిపిన తర్వాతే దాని చెడ్డపేరు మాసిపోయింది. ఆడమ్ స్మిత్ 1776 నాటికే వినియోగాన్ని ఉత్పత్తికంతటికీ గమ్యంగా చెప్పాడు. నాశనానికి పేరుగా వున్న మాట గమ్యానికి పేరయింది! మాటల అర్థాలు వాటంతటవే మారుతాయనే భాషాశాస్త్రజ్ఞులు యీ ఒక్క వుదాహరణ దగ్గర కాస్త ఆగి ఆలోచిస్తే బాగుంటుంది.

దీని పర్యాయపదాలు కూడా ఒక్కొక్కటీ ఒక్కొక్క పనిని దాచుకుని వున్నాయి. ‘ఎగ్జాస్ట్’ అంటే మూలంలో నీళ్ళు తోడేయటం. ‘స్పెండ్’ అంటే తూచి యివ్వటం. ‘వేస్ట్’ అంటే పాడుపెట్టటం. ‘డివవర్’ అంటే మింగేయటం. ఇంగ్లండులో భూస్వాములు వున్ని లాభం కోసం వుమ్మడి భూములకు కంచెలు వేసి రైతుల్ని వెళ్ళగొట్టినప్పుడు, 1516లో థామస్ మోర్ తన ‘యుటోపియా’లో గొర్రెలు మనుషుల్ని మింగుతున్నాయన్నాడు. అక్కడ ‘వాడుతున్నాయి’ అని గాని, ‘ఖర్చు చేస్తున్నాయి’ అని గాని పెట్టి చూడండి. ఘోరమంతా ఆవిరైపోతుంది.

రోగం సంగతి వేరే చెప్పాలి. ‘కన్సంప్షన్’ అంటే ఇంగ్లీషువారికి చాలాకాలం క్షయరోగం. మనవాళ్ళు కూడా ఆ రోగానికి తరిగిపోవటం అనే అర్థంలోనే ‘క్షయ’ అని పేరుపెట్టారు. రెండు భాషలూ విడివిడిగా ఒకే చోటికి చేరుకున్నాయి. 1882లో కోఖ్ దాని క్రిమిని కనిపెట్టాడు. కాని క్రిమి ఒక్కటే వూపిరితిత్తుల్ని తినదు. షెఫీల్డులో కత్తులూ ఫోర్కులూ పొడిరాతి మీద సానపట్టే కార్మికులు సగటున 35 యేళ్ళు బతకటం కూడా కష్టమని ఎంగెల్సు 1845 నాటి తన గ్రంథంలో ఒక వైద్యుని సాక్ష్యంతో నమోదు చేశాడు. ఫోర్కుతో తిన్నవాడు ‘కన్స్యూమర్’ అయినాడు. సానపట్టినవాడికి ఆ మాటలో వేరే అర్థం మిగిలింది. మన బీడీ కార్మికులకు యీ సంగతి వ్యాఖ్యానం అక్కర్లేకుండానే తెలుసు.

యిక తెలుగు. అయిపోవటాన్ని గురించి మన ఇళ్ళలో వున్న మాటంత విచిత్రమైనది మరో భాషలో వుందో లేదో గాని, నాకు తెలియదు. డబ్బాలో బియ్యం లేకపోతే ‘లేవు’ అనరు, ‘నిండుకున్నాయి’ అంటారు. అమంగళం పలకకూడదని. ఖాళీ అయినదానికి నిండటం అని పేరు. యీ మాట సాధారణంగా ఆడవాళ్ళ నోట వినబడుతుంది, మెల్లగా, వంటింటి గడప దగ్గర, అతిథి చెవిన పడకుండా. ‘కన్స్యూమ్’ అన్న క్రియకు కర్త కావాలి. యెవరో ఒకరు తినాలి. ‘నిండుకున్నాయి’ అన్నదానికి కర్త బియ్యమే. యెవరు తిన్నారు, యెందుకు చాల్లేదు, కూలిడబ్బులు యింకా యెందుకు చేతికి రాలేదు అన్న ప్రశ్నలు ఆ క్రియలో ఇమడవు. మర్యాద గల మాటే, నేను కాదనను. కాని ఆ మర్యాద లేమిని కప్పే దుప్పటి కూడా. యీ మాట వాడే రచయిత దుప్పటి కింద యేముందో చూపించాలి గాని, పలుకుబడి అందానికి మురిసిపోయి వూరుకోకూడదు.

యిప్పుడు మన పొరపాటు. కొన్ని దశాబ్దాలుగా మన పత్రికల్లో, సభల్లో ‘వినిమయ సంస్కృతి’ అనే మాట మోగుతున్నది. అవసరం లేని సరుకులు కొనిపించే సంస్కృతి అని దాని వుద్దేశం. కాని వినిమయం అంటే మార్పిడి. ధాన్యమిచ్చి కుండ తీసుకోవటం వినిమయం. ఆ కుండలో వండుకోవటం వినియోగం. మార్క్సు 1857 నాటి పీఠికలో ఉత్పత్తి, పంపిణీ, వినిమయం, వినియోగం అని నాలుగింటినీ విడదీసి, మళ్ళీ వాటి సంబంధాన్ని చూపించాడు. మనం రెండింటిని కలిపేశాం. (గుళ్ళో ‘ప్రసాద వినియోగం’ అంటే పంచిపెట్టటం! అంటే మూడోది కూడా వచ్చి కలిసింది. అయితే సందర్భాన్ని బట్టి అది తెలిసిపోతుంది గనక పేచీ లేదు.)

జనానికి అర్థమైతే చాలదా, మాట రూఢి అయిపోయింది గదా అని కొందరు మిత్రులు అంటారు. సభలో చాలుతుంది. కాని ఆ సభ నుంచి ఉత్సాహంతో ఇంటికి వెళ్ళి ‘పెట్టుబడి’ తెరిచిన విద్యార్థికి యేమవుతుంది? అదనపు విలువ వినిమయంలో పుట్టదు. అక్కడ సమానమైన విలువలే చేతులు మారతాయని మార్క్సు వూహించి చూపాడు. శ్రమశక్తి అనే సరుకుకు ఒక ప్రత్యేకత వుంది: దాన్ని వినియోగించటమే కొత్త విలువను సృష్టించటం. గుట్టంతా బజారులో కాక, ఫ్యాక్టరీ గేటు లోపల వుంది. వినిమయానికీ వినియోగానికీ తేడా తెలియని పాఠకుడికి ఆ గేటు తెరుచుకోదు. అతను దోపిడీ అంటే దుకాణంలో ధర యెక్కువ వెయ్యటమని అనుకుంటాడు. మన వ్యాసాల్లో సగం యిప్పటికే ఆ దుకాణం దగ్గర ఆగిపోయినాయి. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది, 2019లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు. సబ్బు కొన్నవాడు వినియోగదారుడని అందరికీ తెలిసింది. పన్నెండు గంటల పని కొన్నవాడు కూడా ఒక సరుకును వినియోగించేవాడేనన్న సంగతి మాత్రం మనం చెప్పలేదు.

మిత్రుని రాతప్రతిలో ‘తినేస్తాడు’ కొట్టేయమన్నాను. అది ఆవేశానికి పనికివస్తుంది. కాని మార్క్సు అక్కడ ఆవేశపడటం లేదు. న్యాయంగా కొన్న సరుకును కొన్నవాడు న్యాయంగానే వాడుకుంటున్నాడని చల్లగా చెబుతున్నాడు. ‘వినియోగిస్తాడు’ వుంచమన్నాను. పనిదినం అధ్యాయం దగ్గర మాత్రం ‘వాడుకుంటాడు’ మేలని నాకు తోచింది. వాడిన గుడ్డ అంటాం, వాడిన పువ్వు అంటాం. మాటలు రెండు, పలుకు ఒకటే. పద్నాలుగు గంటలు వాడిన మనిషిని గురించి రాసేటప్పుడు ఆ రెండూ వినబడితే నష్టం లేదు. మిత్రుడు దీనికి పూర్తిగా వొప్పుకోలేదు. శాస్త్రగ్రంథంలో శ్లేష కూడదంటాడు. రాతప్రతి యింకా అతని దగ్గరే వుంది.