కూర్చునేవారి అద్దం, నిలబడేవారి నడుము

ఓ కుర్చీ, ఎదురుగా అద్దం, దాని కింద సొరుగుల బల్ల, డ్రయ్యర్‌నీ జుట్టు సాపుచేసే ఐరన్‌నీ దూర్చిపెట్టడానికి కంతలు. అమెరికన్ కేటలాగుల్లో ఇవన్నీ కలిపి ఒకే సరుకు, దాని పేరు స్టయిలింగ్ స్టేషన్. న్యూజెర్సీలోని పిస్కాటవేలో సెలూన్ తెరవబోయే తెలుగువాళ్ళు ఆ కేటలాగు తిరగేస్తుంటే కళ్ళముందు ఇంకో బొమ్మ కూడా ఆడుతుంది. గోడ పొడుగునా అద్దం, దాని కింద కడప రాయి పలక, మూడు కుర్చీలు, వెనక బెంచీ మీద పేపరు తలో పేజీ పంచుకుని చదువుతున్న నలుగురు. మన ఊరి హెయిర్ కటింగ్ సెలూన్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ రెంటిలో ఏది గొప్పదన్న వాదనలోకి నేను దిగను, రెండూ నాకిష్టమే. ఏది ఎవరి కోసం తయారైందో తేల్చుకుంటే మాత్రం కొనేవాళ్ళ పని సులువవుతుంది.

ముందు అద్దం సంగతి. మన సెలూన్‌లో అద్దం గది మొత్తానిది. ఎదురెదురు గోడలకు రెండద్దాలుంటాయి. ఒకదాంట్లో మొహం కనబడితే, ఒకదాంట్లో ఒకటిగా పడ్డ ప్రతిబింబాల వరసలో మెడ వెనక కత్తిరింపు కూడా కనబడుతుంది. కుర్చీలో ఉన్నాయన తల తిప్పకుండానే వెనక బెంచీ మీదివాళ్ళతో రాజకీయాలు మాట్లాడతాడు. క్షురకుడు కత్తెర ఆపకుండానే మధ్యలో తీర్పు చెబుతాడు. వరసలో తన వంతు కోసం కూర్చున్నవాడు కూడా ఆ దుకాణంలో భాగస్వామే. కాబట్టి అక్కడ అసలు ‘స్టేషన్’ కుర్చీ కాదు, బెంచీ.

అమెరికన్ సెలూన్‌లో అలా కాదు. ఎవరి అద్దం వారిదే, రెండద్దాల మధ్య ఖాళీ గోడ. వెనక మెడ చూపించాలంటే స్టయిలిస్టు చేతి అద్దం పట్టుకుని వెనక నిలబడాలి. అపాయింట్‌మెంట్ పద్ధతి కాబట్టి ఎదురుచూసేవాళ్ళు తక్కువ, వాళ్ళ సోఫా వీధి తలుపు పక్కనే ఉండిపోతుంది. రంగు పట్టించుకుని, తలనిండా వెండి రేకులు చుట్టించుకుని ముప్పావుగంట కూర్చోవలసిన ఆవిడకు ఆ ఏకాంతం మర్యాద కిందే లెక్క. మన ఎదురెదురు అద్దాలు అక్కడ బిగిస్తే ఆవిడ అవతారం గదిలో ప్రతివాళ్ళకీ పదిసార్లు కనబడుతుంది. అలాగని మన పద్ధతిని మోటుదనడం అన్యాయం. పది నిమిషాల క్రాపుకు ఏకాంతంతో పనిలేదు, గంటన్నర రంగుకు కబుర్ల కచేరీ అక్కర్లేదు. తేడా నాగరికతలో కాదు, పని పట్టే సమయంలో ఉంది.

అసలు అద్దమే లేని క్షౌరశాల కూడా మనకుంది, అది తిరుమల కల్యాణకట్ట. తలనీలాలు ఇచ్చుకునేవాళ్ళు వరసగా కూర్చుంటారు, తల తడుపుకుంటారు, కత్తి ఆడుతుంది, లేచిపోతారు. ఎలా ఉన్నామో చూసుకోవడం అక్కడ ఉద్దేశమే కాదు కాబట్టి అద్దం ఊసు లేదు. అమెరికన్ స్టేషన్ ఇందుకు సరిగ్గా ఎదురు కొస. అక్కడ అద్దమే ముందు, తక్కినవన్నీ దాని చుట్టూ. మన ఊరి సెలూన్ ఈ రెండు కొసలకీ నడుమ ఎక్కడో ఉంది.

కుర్చీ దగ్గరికొస్తే ఈ రెండు సంప్రదాయాలూ దాయాదులని తెలుస్తుంది. పూర్వం మన పల్లెల్లో క్షురకుడే పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవాడు. కత్తి, కత్తెర, దువ్వెన, సానరాయి, చిన్న అద్దం అన్నీ అందులోనే. కూర్చున్నవాడు అరుగు మీదో పీట మీదో ఉంటే, చేసేవాడు గొంతుకూర్చునో నడుము వంచో పని కానిచ్చేవాడు. పంట చేతికొచ్చాక కళ్ళంలో కొలిచే మేర అతని ఏడాది కూలి. అమెరికాలో 1890ల్లో సెయింట్ లూయిస్‌కు చెందిన ఎర్నెస్ట్ కోకెన్ హైడ్రాలిక్ కుర్చీకి పేటెంటు తీసుకున్నాడు. మీట నొక్కితే కూర్చున్న మనిషి పైకి లేస్తాడు, వెనక్కి వాలుతాడు. కుర్చీ చరిత్రంతా కూర్చునేవాడి సుఖం గురించేనని అనుకుంటాం గానీ, ఈ కుర్చీ చేసిన పెద్ద పని వేరు. చేసేవాడి నడుము నిటారు చేసింది. మన టౌన్లలో సెలూన్ కుర్చీలు వచ్చినప్పుడు జరిగిందీ అదే. దానికితోడు, అతను ఇళ్ళ గుమ్మాల చుట్టూ తిరగడం పోయి, జనమే అతని గుమ్మం ఎక్కసాగారు.

ఈ కుర్చీల కథలో పిస్కాటవే ఇరుగుపొరుగు కూడా ఉంది. 1921లో ఒసాకాలో పోతపోసే కార్ఖానాగా మొదలైన తకారా బెల్‌మాంట్ బరువైన ఇనప పీఠాల మీద బార్బర్ కుర్చీలు తయారుచేసి అమెరికా చేరింది, కాలక్రమంలో కోకెన్ సంస్థనే తనలో కలుపుకుంది. దాని అమెరికన్ కార్యాలయం రారిటన్ నదికి అవతల సోమర్‌సెట్‌లో ఉంది.

అయితే ఆ కుర్చీలో ఎవరు కూర్చోవచ్చన్న ప్రశ్న రెండుచోట్లా ఒకేలా చేదుగా ఉంది. బానిసగా పుట్టిన అలోంజో హెర్న్‌డన్ అట్లాంటాలో పాలరాళ్ళతో, షాండిలియర్లతో పెద్ద బార్బర్ షాపు నడిపాడు. అందులో పనిచేసేవాళ్ళు నల్లవాళ్ళు, కూర్చునేవాళ్ళు తెల్లవాళ్ళు మాత్రమే. తన జాతివాడికి తన కుర్చీలోనే చోటివ్వలేని యజమాని అతను. అలాగే మన పల్లెల్లో దళితుడు సెలూన్ మెట్టెక్కితే వెనక్కి పంపిన ఊళ్ళు ఎన్నో. ఇక్కడ కూడా ఊరి పెద్దల కట్టుబాటుకు తలొంచిన క్షురకుడు తానే చిన్నచూపుకు గురైన కులంవాడు. అక్కడ రంగు, ఇక్కడ కులం. రెండుచోట్లా నిలబడి పనిచేసేవాడే కాపలావాడు కూడా కావలసివచ్చింది.

ఇక కరెంటు. అమెరికన్ డ్రయ్యర్ల మీద 1875 వాట్లని తరచూ కనబడే అంకె గాలిలోంచి ఊడిపడింది కాదు. 125 వోల్టులను 15 ఆంపియర్లతో హెచ్చవేస్తే వచ్చేది అదే. 20 ఆంపియర్ల లైను 120 వోల్టుల మీద మోయగలిగింది 2400 వాట్లు. అంటే ఒక లైను మీద ఇద్దరు ఒకేసారి డ్రయ్యర్లు వేస్తే బ్రేకర్ పడిపోయి తీరుతుంది. స్ట్రిప్ మాల్‌లో అద్దెకు తీసుకున్న గదికి ఎన్ని స్టేషన్లు పడతాయో నేల కొలతకన్నా ముందు కరెంటు పెట్టె చెబుతుంది. మనకు 230 వోల్టులు కాబట్టి అన్నే వాట్ల డ్రయ్యర్ దాదాపు సగం ఆంపియర్లతోనే నడుస్తుంది. మన సెలూన్‌ను బాధపెట్టేది ఆంపియర్లు కావు, బిల్లు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచితమని ప్రకటించడం ఆ బాధ ఎంతటిదో చెబుతుంది. అక్కడ గోడలోని తీగ, ఇక్కడ నెలాఖరు కాగితం, అంతే తేడా. సౌందర్యం రెండుచోట్లా మీటరుకు లోబడే ఉంది.

పిస్కాటవేలో సెలూన్ తలుపు తోసుకుని వచ్చేవాళ్ళు ఒక రకం కారు. రట్గర్స్ విశ్వవిద్యాలయం బుష్, లివింగ్‌స్టన్ క్యాంపస్‌ల విద్యార్థులు, ఎడిసన్ ఓక్‌ట్రీ రోడ్డులో సరుకులు కొనుక్కుని దారిలో ఆగే తెలుగు, గుజరాతీ కుటుంబాలు, గంటల తరబడి సన్నజడలు అల్లించుకునే నల్లజాతి అమ్మాయిలు, గడ్డం గీయించుకునే పెద్దవాళ్ళు. మామూలు స్టయిలింగ్ కుర్చీ వెనక్కి వాలదు, తలకు ఆనుడుండదు. కత్తిరింపుకు అదే హాయి, మెడ చుట్టూ చెయ్యి ఆడుతుంది. కాగా గడ్డానికీ, దారంతో కనుబొమ్మలు తీయడానికీ వాలే వీపూ తలానుడూ కావాల్సిందే. జడలల్లేవాళ్ళకు బాగా కిందికి దిగే కుర్చీ కావాలి. చిన్నపిల్లల కోసం కుర్చీ చేతుల మీద చెక్క పలక వేసే మన ఉపాయం ఏ కేటలాగులో కొన్న బూస్టర్ సీటుకూ తీసిపోదు. ఒకే మోడల్ ఆరు కొనేస్తే వరస ముచ్చటగా ఉంటుంది గానీ, సగంమంది పనివాళ్ళు రోజంతా వంగే ఉంటారు.

సొరుగుల విషయంలో నా మెప్పు అమెరికన్ స్టేషన్‌కే. వాడినవి ఒకచోట, శుభ్రమైనవి ఒకచోట ఉండాలన్న నియమాన్ని ఆ బల్ల తన ఒడ్డూపొడవుల్లోనే ఇముడ్చుకుంది. 1947లో మారిస్ కింగ్ తయారుచేసిన, క్రిములను చంపే బార్బిసైడ్ నీలి నీళ్ళ గాజుజాడీ అక్కడ కంటికెదురుగా ఉంటుంది, నమ్మకం చూపించి మరీ సంపాదిస్తుంది. మన పటికముక్క, కొత్త బ్లేడు కాగితం విప్పి చూపించే అలవాటు కూడా ఆ కోవలోవే. అయితే మన రాతి పలక మీద ముగ్గురి దువ్వెనలూ కలిసిపోతాయి, అది మాత్రం ఒప్పుకోవాల్సిన లోటు. అదే పలక కడగడానికి ఒక్క తడిగుడ్డ చాలు, లామినేట్ బల్ల అంచులు మాత్రం రంగునీళ్ళకు ఉబ్బి విచ్చుకుంటాయి.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? రెంటినీ తలా సగం కలపడం సమాధానం కాదు. అద్దాల విషయంలో అవి నిజంగానే పొసగవు, ఒకటి గదిని కలుపుతుంది, ఒకటి విడదీస్తుంది. రంగూ జడల వంటి పొడుగు పనులకు గోడవైపు విడివిడి స్టేషన్లు, క్రాపూ గడ్డం వంటి పొట్టి పనులకు ఒకే పొడుగు అద్దం, దాని ముందు వాలే కుర్చీలు, వాటి వెనక మన బెంచీ. పొట్టి పనికి మన గది, పొడుగు పనికి వాళ్ళ గది, ఒకే కప్పు కింద. అక్కణ్ణుంచి రెండు సంప్రదాయాలూ ఒకే పరీక్షకు వచ్చి నిలబడతాయి. షోరూములో యజమాని కుర్చీలో కూర్చుని అద్దంలో తనను చూసుకుని సంతోషపడి ఆర్డరిస్తాడు. ఆ పని కాకుండా, రోజూ తొమ్మిది గంటలు నిలబడే స్టయిలిస్టును తీసుకెళ్ళి ఓ అరగంట కుర్చీ వెనక నిలబెట్టాలి. సొరుగు తీయడానికి ఎంత వంగుతోంది, డ్రయ్యర్ తీగ కుడిచేతికి అడ్డంపడుతోందా, కుర్చీ తన మోచేయి ఎత్తుకు లేస్తోందా చూడాలి. కోకెన్ మీటా, మన టౌన్ సెలూనూ వేర్వేరు దారుల్లో సాధించింది ఆ ఒక్క నడుమునే. దాన్ని మళ్ళీ వంచే స్టేషన్ ఎంత అందంగా ఉన్నా, ఎంత చవగ్గా వచ్చినా, రెండు సంప్రదాయాల లెక్కలోనూ తప్పు సరుకే.