ప్రవేశదరువు - చూపులేని ప్రేక్షకులు

నాటకమునకు దృశ్యకావ్యమని పేరిడిరి గదా యని, అది కన్నులున్నవారి సొత్తని తలచుట పొరపాటు. తంజావూరు జిల్లా మెలట్టూరున ఏటేట నృసింహజయంతి వేళ ఆడు తెలుగు భాగవతమేళ నాటకములే యిందుకు సాక్ష్యము.

మెలట్టూరు వెంకటరామశాస్త్రిగారి ప్రహ్లాదచరిత్రమును చూడుడు. ముఖ్యపాత్రలకు ప్రవేశదరువులు కలవు. వచ్చుచున్నవారెవరో, వారి వేషమెట్టిదో, నడక ఠీవి యెట్టిదో భాగవతులు పాడి తెలుపుదురు. 1981లో వాషింగ్టనులోని ఎరీనా స్టేజి రంగశాలలో అంధుల చెవికి యంత్రముద్వారా వినిపింప మొదలిడిన వర్ణనకు మన దరువు అక్కవంటిది. పైగా తాళబద్ధమైనది, పదిమందితో కలిసి వినదగినది. నిడివి తగ్గింపనెంచి దరువు చరణములను కత్తిరించువారు చూపులేనివారికున్న ఒక్క కన్నును పొడుచుచున్నారని నా యభిప్రాయము.

అయినను దరువు సర్వమును చెప్పజాలదు. నృసింహుడు వెలువడు ఘట్టమున, పూజలందుకొను ముఖవాడము ధరించి ఉగ్రుడై ఊగు పాత్రధారిని మనుష్యులు పట్టి నిలుపుదురు. ఆ పెనుగులాట చెవికి దొరకదు. ప్రక్కన కూర్చుండి మెల్లగా రెండు మాటలు చెప్పువారుండవలెను. ఆ మాటలు పాట ఆగిన సందున పడవలెను. పాటపై పడినచో వినువారు రెంటికి చెడిన రేవడులే. తెలుగెరుగని అంధులకు దరువు నాదమే గాని అర్థము కాదు. అచట తమిళులే పెక్కురు గనుక వారికి ముందుగా తమిళమున కథ చెప్పుట మేలు.

ఆటిజముగల పిల్లలకు ఈ ఘట్టమే గండము. మృదంగము, తాళములు, జనుల కేకలు ఒక్కమారుగా మీదబడును. ముఖవాడపు చిత్రమును ముందే చూపి, ధ్వని యెప్పుడు హెచ్చునో చెప్పియుంచిన కొంత భయము తగ్గును. వీధినాటకమున లేచిపోయి మరల వచ్చుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు. పట్టణ సభలవారు తలుపులు మూసి, దీపములార్పి ఆ స్వేచ్ఛను హరించిరి. కొన్ని దీపములుంచి, అంచున కొన్ని ఆసనములు విడిచిన వారికేమి వ్యయము?

కళలను వికలాంగులకు అందుబాటులోనికి తేవలెనని 2016 నాటి హక్కుల చట్టము 29వ సెక్షను ప్రభుత్వములకు విధించినది. ఇక చెవిటివారికి తెరపై సాహిత్యమును వ్రాసి చూపవచ్చును. అయితే ఏ లిపిలో? తమిళనాట ఇంట తెలుగు వాతావరణమున పెరిగియు తమిళాక్షరములే చదువగల మనవారిని తరగతిగదిలో నిత్యము చూచుచున్నాను. పైపంక్తిలో తెలుగు లిపి, క్రిందిపంక్తిలో అదే తెలుగుమాట తమిళ లిపిలో, దానిక్రింద తమిళార్థము వేయవలెను. మూడు పంక్తులు పట్టుటకు తెర యెత్తు కొంత హెచ్చుగా నుండవలెను.